గోడ సంగతి తేల్చుకుని స్పీకరు బిగించండి: గోదావరి డెల్టా ఇళ్ళకు సమగ్ర మార్గదర్శి

గోడకు స్పీకర్లు బిగించాలనుకునేవాళ్ళు కొట్లో మొదట అడిగేది “ఇది ఎన్ని కిలోలు మోస్తుందండీ?” అని. స్పీకరును గోడకు పట్టి ఉంచే ఇనుప బ్రాకెట్ అట్టపెట్టె మీద 10 కిలోలనో 15 కిలోలనో అచ్చేసి ఉంటుంది. అది ఆ ఇనుము మోసే బరువు. ఆ ఇనుమును మోయాల్సింది మీ గోడ. గోడ సంగతి పెట్టె మీద ఎవరూ రాయలేరు.

మన కోనసీమ ఊళ్ళలో ఒకే వీధిలో మూడు నాలుగు రకాల గోడలు కనిపిస్తాయి. పాత మండువా లోగిలికి గానుగ సున్నంతో కట్టిన మందపాటి గోడలుంటాయి. దాని పక్క డాబా ఇంటికి ఎర్ర ఇటుక, సిమెంటు గోడలు. వీధి చివర కొత్తగా లేచిన అపార్టుమెంటుకు బొగ్గు బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలో, లోపల గాలి బుడగలుండే తేలికపాటి కాంక్రీటు దిమ్మెలైన ఏఏసీ బ్లాకులో వాడి ఉంటారు. ఒక ఇంట్లో ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచిన బిగింపే పక్కింట్లో నెల తిరక్కుండా వదులైపోతుంది. పని చేసిన మనిషి ఒకడే, వాడిన స్క్రూలూ అవే. తేడా గోడలో ఉంది. అందుకే స్పీకరు కంటే గోడ గురించే ఇక్కడ ఎక్కువ చెబుతాను. ఓపిగ్గా చదవండి. కింద ఆడుకునే పిల్లల తల మీద ఐదారు కిలోల చెక్కపెట్టె వేలాడదీసే పని ఇది.

ముందు గోడ ఏ రకమో తేల్చుకోండి

మొదట వేళ్ళ కణుపులతో గోడను అక్కడక్కడా తట్టి చూడండి. గట్టిగా, పొట్టి శబ్దం వస్తే మంచిదే. ఒకచోట డొల్ల శబ్దం వచ్చిందంటే ప్లాస్టరింగు ఇటుకను వదిలేసిందన్నమాట. అక్కడ ఏదీ బిగించకండి. పెచ్చు ఊడి పడినప్పుడు దానితోపాటే బ్రాకెట్ కూడా వస్తుంది.

తరువాత గోడ మందం కొలవండి. తలుపు గుమ్మం దగ్గర టేపు పెడితే తెలిసిపోతుంది. రెండు వైపుల ప్లాస్టరింగుతో కలిపి పది అంగుళాలు దాటితే అది తొమ్మిదంగుళాల గోడ, ఐదారు అంగుళాలుంటే నాలుగున్నర అంగుళాల అడ్డగోడ. అంతకంటే పలచగా ఉంటే ఇటుకను నిలబెట్టి కట్టిన మూడంగుళాల గోడ అయుంటుంది. దాని మీద బరువైన స్పీకర్లు వద్దు.

అసలు సంగతి చెప్పేది డ్రిల్లింగ్ మిషను బిట్టు వెంట వచ్చే పొడి. బ్రాకెట్ పలక వచ్చి కప్పేసే చోట 5 మి.మీ. బిట్టుతో చిన్న రంధ్రం వేసి చూడండి. మొదటి 12 నుంచి 20 మి.మీ. వరకూ ఇసుక కలిసిన బూడిదరంగు పొడి వస్తుంది. అది ప్లాస్టరింగు. ఆ తరువాత పొడి ఎర్రగా మారితే లోపల కాల్చిన ఇటుక ఉన్నట్టు. బూడిదరంగే కొనసాగుతూ బిట్టు నిలకడగా దిగుతుంటే ఫ్లైయాష్. తెల్లటి మెత్తటి పొడి వస్తూ సుద్దలోకి దిగినంత తేలిగ్గా బిట్టు దూసుకుపోతే ఏఏసీ బ్లాకు. మిషను మొరాయించి, పొడి చాలా సన్నగా వస్తుంటే అది కాంక్రీటు బీమో పిల్లరో. తెల్లటి పొడిలో ముతక ఇసుక, సున్నపు పలుకులు కనిపిస్తే పాత గానుగ సున్నం. పొడి బిట్టుకు ముద్దగా అంటుకుందంటే ఏ రకం గోడైనా సరే, లోపల చెమ్మ ఉంది. ఆ రోజుకు పని ఆపేయండి.

గోదావరి ఒండ్రుమట్టితో చేసి బట్టీలో ఊకతో కాల్చిన ఇటుకల్లో అన్నీ ఒకేలా కాలవు. బట్టీ మధ్యలో బాగా కాలినవి ఖంగుమంటాయి, అంచున ఉన్నవి మెత్తగా మిగులుతాయి. రెండూ కలిసే గోడలోకి వస్తాయి. కాబట్టి ఒక రంధ్రం గట్టిగా ఉందని రెండోదీ అలాగే ఉంటుందనుకోవద్దు. ప్రతి రంధ్రానికీ చేతికి తెలిసే బిగువును గమనించండి. బిట్టు ఉన్నట్టుండి జారినట్టు లోపలికి పోతే రెండు ఇటుకల మధ్య అతుకులో పడిందని అర్థం. ఇటుక వరుస ఎత్తు మూడంగుళాల పైచిలుకే కాబట్టి అంగుళంన్నర పైకో కిందకో జరిగితే ఇటుక నడుమకు చేరతారు. పాత సున్నపు గోడల్లో అతుకు మరీ మెత్తన. అక్కడ ఈ జాగ్రత్త తప్పనిసరి.

మన ఇళ్ళలో చాలామంది వాడుకోని మంచి చోటు ఒకటుంది. తలుపులు, కిటికీల మీద సుమారు ఏడడుగుల ఎత్తున వేసే కాంక్రీటు లింటెల్. చాలా ఇళ్ళలో అది గది చుట్టూ పట్టీలా సాగుతుంది. వెనక స్పీకర్లకు దీన్ని మించిన ఆధారం లేదు. కొంచెం ఎత్తైనా స్పీకరు ముఖాన్ని కిందికి వంచుకుంటే సరిపోతుంది. లోపల కడ్డీ తగిలితే బిట్టు ముందుకు పోదు. కడ్డీతో పెనుగులాడకుండా రెండంగుళాలు పక్కకు జరగండి.

చెమ్మ: మన ప్రాంతపు అసలు శత్రువు

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ ఈ నేల కాలువ నీళ్ళతో తడుస్తూనే ఉంది. ఆ నీళ్ళే మనకు అన్నం పెట్టాయి. ఆ నీళ్ళ వల్లే చాలా ఊళ్ళలో కొద్ది అడుగులు తవ్వితే ఊట వస్తుంది, పునాదుల నుంచి చెమ్మ గోడలోకి ఎక్కుతుంది. గోడ కింది మూడడుగుల్లో రంగు పొలుసులుగా లేచి, ఉప్పులాంటి తెల్లటి పొడి పేరుకోవడం అందుకే. ఆ భాగంలో ప్లగ్గు, అంటే స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దూర్చే ప్లాస్టిక్ గొట్టం, పట్టు నిలవదు. మామూలు ఇనుప స్క్రూ అయితే తుప్పు పట్టి ఉబ్బి, చుట్టూ ఉన్న ప్లాస్టరింగును పగలగొడుతుంది.

అనుమానంగా ఉంటే ఈ చిన్న పరీక్ష చేయండి. అడుగున్నర చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు ఆనించి నాలుగు అంచులూ టేపుతో మూసేసి రెండు రోజులు వదిలేయండి. గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే అక్కడ బిగించవద్దు. వాన జల్లు నేరుగా కొట్టే గోడ ఏదో ఇంట్లోవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఆ గోడను వదిలేసి లోపలి అడ్డగోడను ఎంచుకోవడం మేలు. ఏ పని పెట్టుకున్నా ఫిబ్రవరి నుంచి మే లోపు పెట్టుకోండి. అప్పుడు గోడ ఎండి ఉంటుంది, రంధ్రం శుభ్రంగా పడుతుంది.

లంక గ్రామాలవాళ్ళకు ఇంకో మాట. 1986 ఆగస్టు వరదా, 2022 జూలై వరదా చూసినవాళ్ళకు నీళ్ళు ఏ మట్టం దాకా వచ్చాయో గుర్తుంటుంది. స్పీకర్లే కాదు, వైరు అతుకులు, ఆంప్లిఫైయర్ కూడా ఆ మట్టానికి పైన ఉండేలా చూసుకోండి. మునిగిన గోడ పైకి ఎండినట్టు కనిపించినా లోపల నెలల తరబడి తడిగానే ఉంటుంది. వరద తీశాక పాత బిగింపులన్నీ మళ్ళీ పరీక్షించాలి.

ఏది గోడకెక్కాలి, ఎక్కడ ఎక్కాలి

హోమ్ థియేటర్ సెట్‌తో వచ్చే చిన్న స్పీకర్లు ఒక్కోటి కిలో రెండు కిలోలుంటాయి. వాటితో పెద్ద ఇబ్బంది లేదు. బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, అంటే అరలో పట్టేంత చెక్కపెట్టె స్పీకర్లు, నాలుగు నుంచి ఎనిమిది కిలోలు తూగుతాయి. ఈ మార్గదర్శి ముఖ్యంగా వాటికోసమే. నేల మీద నిలబెట్టే టవర్ స్పీకర్లనూ, బేస్ (లోతైన బరువు ధ్వని) కోసం ఉండే సబ్‌వూఫర్‌నూ గోడకు ఎక్కించాలని ఎవరు చెప్పినా వినకండి. సబ్‌వూఫర్ అదురుడుకు ఎంత మంచి బిగింపైనా వదులవుతుంది, పైగా దాని ధ్వనికి ఎత్తుతో పనిలేదు.

ముందు వైపు రెండు స్పీకర్ల మధ్య దూరం, ఒక్కో స్పీకరు నుంచి మీరు కూర్చునే చోటికి ఉన్న దూరం సుమారుగా సమానంగా ఉండాలి. డాల్బీ సంస్థ సూచన ప్రకారం ముందు స్పీకర్లు ఒక్కోటి, మీరు కూర్చున్న చోటి నుంచి నేరుగా ఎదురుకు గీసిన నడిమి గీతకు 22 నుంచి 30 డిగ్రీల పక్కకు, 5.1 సెట్‌లో (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) వెనక స్పీకర్లు 110 నుంచి 120 డిగ్రీల వద్ద ఉండాలి. అంటే వెనక స్పీకర్లు మీ చెవులకు కాస్త వెనగ్గా, పక్క గోడల మీద ఉంటాయి. చాలామంది వాటిని వెనక గోడ మూలల్లోకి నెట్టేస్తారు. మూలలో బేస్ బొంగురుపోతుంది, మాట తేలదు.

ఎత్తు విషయంలో మన అలవాటు చూసుకోవాలి. సన్నగా కూసే చిన్న స్పీకరు, అంటే ట్వీటర్, చెవి ఎత్తుకు రావాలి. సోఫాలో కూర్చుంటే చెవి నేల నుంచి మూడడుగుల పైన ఉంటుంది. పడక కుర్చీలో వాలితే ఇంకా కిందికి, చాప మీద కూర్చుంటే రెండున్నర అడుగుల దగ్గరికి వస్తుంది. ఇంట్లో ఎవరు ఎక్కువసేపు, ఎలా కూర్చుంటారో చూసి నిర్ణయించండి. చెమ్మ వల్లనో పిల్లల వల్లనో ఎత్తు పెంచాల్సి వస్తే పెంచండి, కాకపోతే ట్వీటర్ మీ చెవి వైపు చూసేలా బ్రాకెట్ వంచాలి. అందుకే కిందికి వంగే బ్రాకెటే కొనాలి.

స్పీకరు పెట్టెలోంచి గాలి బయటికి వచ్చే గొట్టం వెనక వైపు ఉంటే గోడకు అతికించినట్టు పెట్టకండి. కనీసం మూడు నాలుగు అంగుళాల ఖాళీ కావాలి. గోడకు దగ్గరయ్యే కొద్దీ బేస్ పెరుగుతుంది, మరీ పెరిగితే పాటలో మాట మునిగిపోతుంది. గొట్టం ముందు వైపు ఉన్న స్పీకర్లు ఈ పనికి మేలు. పాత ఇళ్ళ గోడగూళ్ళలో స్పీకరు సరిగ్గా పడుతుంది కదా అని అందులో దూర్చేవాళ్ళున్నారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ ఆ గూడు బేస్‌ను పట్టుకుని మోగుతుంది. గూడులోనే పెట్టక తప్పకపోతే స్పీకరు ముఖం గోడ అంచుకు సమానంగా రావాలి, చుట్టూ ఉన్న ఖాళీని దూదిపరుపు ముక్కలతో నింపాలి.

లాగుడు లెక్క

స్పీకరు కింద పడడం బరువు వల్లే అనుకుంటాం. నిజానికి ఎక్కువసార్లు జరిగేది పై స్క్రూ గోడలోంచి బయటికి ఊడి రావడం. తలుపు పట్టుకుని పిల్లాడు ఊగితే పై మడతబందు ముందు ఊడినట్టే ఇదీ. స్పీకరు గోడకు ఎంత దూరంగా వేలాడితే పై స్క్రూ మీద లాగుడు అంత పెరుగుతుంది.

లెక్క తేలికే. స్పీకరు బరువును, గోడ నుంచి స్పీకరు నడుమకు ఉన్న దూరంతో గుణించి, బ్రాకెట్ పలక మీద పై స్క్రూకూ కింది స్క్రూకూ మధ్య ఉన్న దూరంతో భాగించండి. ఆరు కిలోల స్పీకరు, దాని నడుము గోడకు 18 సెంటీమీటర్ల దూరంలో ఉంది, పలక రంధ్రాల మధ్య 9 సెంటీమీటర్లు అనుకుందాం. పై స్క్రూను 12 కిలోల బలం బయటికి లాగుతుంది. బ్రాకెట్ చేతిని చాపి స్పీకరు నడుమను 30 సెంటీమీటర్ల దూరానికి తెస్తే అది 20 కిలోలవుతుంది. మంచి ఇటుకలో దిగిన 8 మి.మీ. ప్లగ్గుకు ఇది బరువే కాదు. ప్లాస్టరింగులో మాత్రమే ఇరుక్కున్న ప్లగ్గును మాత్రం ఈ బలం కొన్నాళ్ళలో లాగేస్తుంది. పాట అదురుడు దానికి తోడు.

అందుకని స్పీకరును పట్టే చేయి పొట్టిగా, పలక పొడవుగా ఉన్న బ్రాకెట్ కొనండి. పెట్టె మీది అంకె స్పీకరు బరువుకు కనీసం మూడు నాలుగింతలు ఉండాలి. పక్కల నుంచి పట్టుకునే బిగింపు రకం, స్పీకరుకు రంధ్రం పెట్టనక్కర లేనిది, బుక్‌షెల్ఫ్ స్పీకర్లకు నాకు నచ్చుతుంది. స్పీకరు వెనక కంపెనీవాళ్ళే మరలు ఇచ్చి ఉంటే వాటినే వాడండి. అక్కడ ఒక చిక్కుంది. 6 మి.మీ. బోల్టూ పావు అంగుళం బోల్టూ చూపుకు ఒకేలా ఉంటాయి, మర వేరు. చేత్తో రెండు మూడు చుట్లు సాఫీగా తిరగకపోతే అది ఆ బోల్టు కాదు. స్పానర్ పెట్టి బలవంతం చేస్తే స్పీకరులోని మర అరిగిపోతుంది. స్పీకరు పెట్టెకు మనమే చెక్క స్క్రూలు ఎక్కించడం మాత్రం వద్దు. చాలావరకు అది చెక్కపొట్టును అదిమి చేసిన పలక, చెమ్మకు ఉబ్బి పట్టు వదిలేస్తుంది.

ప్లగ్గులు, స్క్రూలు

బ్రాకెట్‌తోపాటు వచ్చే చిన్న ప్లగ్గుల పొట్లాన్ని పక్కన పడేయండి. అవి అంగుళంన్నర కూడా ఉండవు. మన ప్లాస్టరింగే ముప్పాతిక అంగుళం తినేస్తుంది. మిగిలింది ఇటుకలో ఎంత దిగుతుంది?

ఎర్ర ఇటుక, ఫ్లైయాష్ గోడలకు 8 మి.మీ. వెడల్పు, 60 మి.మీ. పొడవు ఉన్న నైలాన్ ప్లగ్గులు తీసుకోండి. మెత్తటి తెల్ల ప్లాస్టిక్ రకం కాదు, నైలాన్ అని అడిగి తీసుకోండి. వాటికి 5 మి.మీ. లావు, 70 మి.మీ. పొడవు స్క్రూలు సరిపోతాయి. రెండు కిలోల లోపు స్పీకర్లకు 6 మి.మీ. ప్లగ్గు చాలు, అయితే అదీ ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి పోవాలి. కాంక్రీటులో అయితే 8 మి.మీ. నైలాన్ ప్లగ్గో, చిన్న యాంకర్ బోల్టో వాడవచ్చు. ఇటుక గోడకు యాంకర్ బోల్టు వద్దు. అది లోపల విచ్చుకునేటప్పుడు ఇటుకను చీలుస్తుంది. గట్టిగా తిప్పేకొద్దీ బలం పెరుగుతుందనుకుంటారు, నిజానికి ఇటుక లోపల్లోపలే పగులుతుంది. ఏఏసీ బ్లాకుకు దానికోసమే చేసిన పెద్ద మరల ప్లగ్గులు దొరుకుతాయి. మామూలు ప్లగ్గు అందులో నిలవదు.

స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువే కొనండి. ధరలో తేడా కొద్దిపాటిది, మన గాలిలో మామూలు స్క్రూకూ దీనికీ తేడా చాలా పెద్దది. భీమవరం, అమలాపురం లాంటి చోట్ల 304 రకం చాలు. అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు సముద్రపు గాలి సోకే ఇళ్ళకు 316 రకం దొరికితే అదే తీసుకోండి.

రంధ్రం వేసే ముందు కరెంటు

కొత్త ఇళ్ళలో వైరు పైపులు గోడలోనే పూడ్చి ఉంటాయి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద ఎక్కడా రంధ్రం వేయకండి. ఇరువైపులా ఒక్కో జానెడు వదలండి. నాలుగున్నర అంగుళాల గోడైతే అవతలి గదిలో ఉన్న బోర్డును కూడా లెక్కలోకి తీసుకోవాలి. దాని పైపు మీ వైపునే పోయి ఉండవచ్చు. వంటింటికీ స్నానాలగదికీ ఆనుకున్న గోడల్లో నీళ్ళ పైపులూ ఉంటాయి. ఇల్లు కట్టినప్పుడు వైరింగు చేసినాయన ఊళ్ళోనే ఉంటే “మేస్త్రీ గారూ, ఈ గోడలో పైపు ఎటు పోయిందండీ?” అని ఒక్క మాట అడగండి. గోడ లోపలి కరెంటును పసిగట్టే చిన్న పరికరాలు దొరుకుతాయి. అవి సాయమే గానీ తడి గోడ మీద తప్పు చూపిస్తాయి, వాటి మీదే ఆధారపడొద్దు.

ఆ గదికి పోయే ఎంసీబీ (మెయిన్ బోర్డులోని స్విచ్) ఆపేసి, వేరే గది నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో మిషనుకు కరెంటు తెచ్చుకోండి. బ్యాటరీ మిషను ఉంటే ఇంకా మేలు. ఎక్కడానికి ప్లాస్టిక్ కుర్చీ వద్దు. గట్టి నిచ్చెన వేసుకుని, దాన్ని పట్టుకోవడానికి ఇంకొకరిని పిలవండి. కళ్ళకు అద్దాలు, కాళ్ళకు పొడి చెప్పులు ఉండాలి.

పని వరుస

పలకను గోడకు ఆనించి రసమట్టంతో నిలువు సరిచూసి, పై రంధ్రం ఒక్కటే పెన్సిలుతో గుర్తుపెట్టండి. అన్నీ ఒకేసారి గుర్తుపెడితే బిట్టు కాస్త జారినా మిగతావన్నీ తప్పుతాయి. తలుపు, కిటికీ అంచుకు కనీసం నాలుగంగుళాలు ఎడంగా ఉండాలి.

బిట్టుకు 75 మి.మీ. దగ్గర రంగు టేపు చుట్టండి. లోతు తెలియడానికి అదే గుర్తు. మొదట 5 మి.మీ. బిట్టుతో, మిషనులో సుత్తి దెబ్బ (హ్యామర్) పెట్టకుండా, ప్లాస్టరింగు దాటేవరకూ నెమ్మదిగా వేయండి. తరువాత 8 మి.మీ. బిట్టు పెట్టి పూర్తి లోతుకు వెళ్ళండి. మంచి ఎర్ర ఇటుకకూ ఫ్లైయాష్‌కూ సుత్తి దెబ్బ పెట్టవచ్చు. కాంక్రీటుకు పెట్టాల్సిందే. ఏఏసీకీ పాత సున్నపు గోడకూ మెత్తటి ఇటుకకూ పెట్టవద్దు, రంధ్రం వాచిపోయినట్టు వెడల్పవుతుంది. గోడకు టైల్స్ ఉంటే టైల్‌కు పెట్టే బిట్టుతో, కాగితపు టేపు అంటించి, సుత్తి దెబ్బ లేకుండా టైల్ దాటాకే ఇటుక బిట్టుకు మారండి. మిషనును అటూ ఇటూ ఊపకుండా గోడకు నిట్టగా పట్టుకోవాలి.

రంధ్రంలో మిగిలిన పొడిని తీసేయడం చాలామంది వదిలేస్తారు. పొడి మీద కూర్చున్న ప్లగ్గు ఇటుకను పట్టుకోదు. సైకిలు పంపుతో రెండు మూడుసార్లు గాలి కొట్టండి, సన్న బ్రష్‌తో తిప్పి మళ్ళీ కొట్టండి. ప్లగ్గును వేలితో సగం దాకా దూర్చాక చిన్న సుత్తితో మెల్లగా తట్టితే లోపలికి పోవాలి. వేలితోనే మొత్తం జారిపోతే రంధ్రం పెద్దదైంది. అక్కడే బలవంతంగా ముందుకు పోవద్దు, దాని మందు కింద చెప్పాను.

ఇప్పుడు పలకను పై స్క్రూతో వేలాడదీసి, రసమట్టం మళ్ళీ చూసి, మిగతా రంధ్రాలు గుర్తుపెట్టండి. పలక తీసి వాటినీ అలాగే వేయండి. స్క్రూలను చివరి రెండు మూడు చుట్లు మిషనుతో కాకుండా చేతి స్క్రూడ్రైవర్‌తో బిగించండి. స్క్రూ బిగుసుకుంటూ వచ్చి ఆగాలి. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లగ్గు పట్టలేదు.

స్పీకరు ఎక్కించే ముందు పరీక్ష చేయండి. బ్రాకెట్ చేతి చివర స్పీకరు బరువుకు రెండింతలు ఉండే బియ్యం సంచి వేలాడదీసి పది నిమిషాలు ఉంచండి. ఆ సంచి బరువు బ్రాకెట్ పెట్టె మీది అంకె దాటకూడదు. కింద పరుపు వేసి ఉంచండి, ఎవరినీ దగ్గరికి రానివ్వకండి. పలకకూ గోడకూ మధ్య పైభాగంలో వెంట్రుక సందు కనిపించినా అది పోయిన బిగింపే.

స్పీకరు ఎక్కించాక, బ్రాకెట్ కీళ్ళలో ఉన్న బోల్టులకు స్ప్రింగ్ వాషర్లు వేయండి. అదురుడుకు బోల్టులు వదులయ్యే మాట నిజం. చివరిగా 2 మి.మీ. స్టీలు తాడు ఒకటి స్పీకరు చుట్టో, దాని మరకు బిగించిన కొక్కేనికో కట్టి, బ్రాకెట్‌కు సంబంధం లేని వేరే రంధ్రంలో బిగించిన కొక్కేనికి తగిలించండి. తాడు అంగుళం కంటే ఎక్కువ వదులుగా ఉండకూడదు. బిగింపు ఊడిన రోజు స్పీకరును ఆపేది ఈ తాడే. పిల్లలున్న ఇంట్లో దీన్ని ఐచ్ఛికమని నేను ఒప్పుకోను.

రంధ్రం పాడైతే, గోడే బలహీనమైతే

పెద్దదైన రంధ్రంలో అగ్గిపుల్లలు, చీపురు పుల్లలు కుక్కడం మానేయండి. వానాకాలంలో అవి ఉబ్బుతాయి, ఎండాకాలంలో కుంచించుకుపోతాయి, చెదలకు దారి చూపిస్తాయి. రంధ్రాన్ని తడిపి, ఒకటికి మూడు పాళ్ళ సిమెంటు ఇసుక ముద్దతో గట్టిగా నింపి, వారం రోజులు తడి ఆరకుండా చూసి, రెండంగుళాల పక్కన కొత్తది వేయండి. పక్కకు జరిగే వీలు లేకపోతే కెమికల్ యాంకర్ జిగురు వాడవచ్చు. గొట్టంలో వస్తుంది, రంధ్రంలో నింపి మర కడ్డీ దూర్చి, దాని మీద రాసినంతసేపు కదపకుండా వదిలేయాలి. ఇది కూడా పొడి గోడలోనే బాగా పట్టుకుంటుంది.

మండువా లోగిళ్ళకూ పెంకుటిళ్ళకూ నా సలహా వేరు. సున్నపు గోడలో రెండు మూడు స్క్రూల మీద ఆధారపడకండి. అడుగున్నర పొడవు, ఆరంగుళాల వెడల్పు ఉన్న టేకు పలకో 18 మి.మీ. మెరైన్ ప్లైవుడ్డో తీసుకుని, దాన్ని ఆరు చోట్ల పొడవాటి ప్లగ్గులతో గోడకు బిగించండి. బరువు ఆరింటికీ పంచుకుపోతుంది. బ్రాకెట్‌ను ఆ పలకకు చెక్క స్క్రూలతో బిగించండి. పలక వెనక వైపు చెద మందు పూసి, గోడకూ పలకకూ మధ్య వాషర్లతో కొద్దిగా ఎడం పెడితే గాలి ఆడుతుంది. పలకకు గోడ రంగే వేస్తే ఎబ్బెట్టుగా ఉండదు. చెక్కడపు పని ఉన్న స్తంభాలకు రంధ్రాలు వేయవద్దని మాత్రం వేడుకుంటున్నాను. అలాంటి స్తంభం మళ్ళీ చేయించడం ఎవరి వల్లా కాదు. స్తంభం దగ్గరే స్పీకరు కావాలంటే చుట్టూ రబ్బరు పెట్టి పట్టీ బిగింపు వేసుకోవచ్చు.

జిప్సం పలకల గోడకు, ఫాల్స్ సీలింగుకు వెనక ఇనుప చట్రం దొరికిన చోటే బిగించాలి, అదీ చిన్న స్పీకర్లే. అద్దె ఇల్లైతే నేల మీద స్టాండ్లే పెట్టుకోండి.

వైర్లు

ఆంప్లిఫైయర్ నుంచి పది పదిహేను మీటర్ల లోపు దూరానికి, 8 ఓమ్ స్పీకర్లకు 1.5 చదరపు మి.మీ. రాగి వైరు చాలు. 4 ఓమ్ అయితే 2.5 తీసుకోండి. అల్యూమినియం తీగకు పైన రాగి పూత పూసిన వైరు కూడా అమ్ముతారు. తీగ కొనను చాకుతో గీకితే లోపల తెల్లగా కనబడుతుంది. మన చెమ్మలో అది అతుకుల దగ్గర త్వరగా పాడవుతుంది, వద్దు.

ఎరుపు ఎరుపుకు, నలుపు నలుపుకు కలపాలి. ఒక స్పీకరుకు తారుమారైతే అది పాడవదు గానీ రెండూ కలిసి మోగినప్పుడు బేస్ పలచబడిపోతుంది. వైరును కేసింగ్ పట్టీలో పెట్టి గోడ మూలల వెంట నడపండి. కరెంటు వైరు పక్కనే సమాంతరంగా పోనివ్వకండి, జానెడు ఎడం ఉంచండి, దాటాల్సి వస్తే అడ్డంగా దాటించండి. కరెంటు పైపులోకి స్పీకరు వైరు దూర్చడం అసలు కూడదు. స్పీకరు దగ్గర అరడుగు వైరు అదనంగా వదిలితే రేపు ముఖం తిప్పుకోవాలన్నా, కిందికి దించాలన్నా తేలిక.

తరువాతి చూపు

బిగించిన నెలకు ఒకసారి అన్ని బోల్టులూ చేత్తో చూడండి. చాలావరకు అప్పుడే కాస్త వదులై ఉంటాయి. ఆ తరువాత వానలకు ముందు ఒకసారి, సంక్రాంతికి ముందు ఒకసారి చూస్తే చాలు. పండక్కి ఇంటి నిండా జనం ఉంటారు, శబ్దం పెంచుతారు, పిల్లలు దాని కిందే పరుగులు తీస్తారు. పలక చుట్టూ కొత్త పగులు, రంగు మీద తుప్పు చార, పై అంచున సందు, ఈ మూడింటిలో ఏది కనిపించినా స్పీకరు దించేసి ఆ తరువాతే ఆలోచించండి.

స్పీకరు గాలి గొట్టాల్లో మట్టిగూడు పెట్టే కందిరీగలు, బల్లులు చేరతాయి. నైలాన్ దోమతెర ముక్క అంటిస్తే శబ్దానికి అడ్డు రాదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు, 1996 నవంబరు చూసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు, ఆంప్లిఫైయర్ కరెంటు ప్లగ్గు పీకేయండి. కిటికీ పక్కనున్న స్పీకర్లను బ్రాకెట్ నుంచి తీసి లోపలి గదిలో నేలకు ఎత్తుగా పెట్టండి. కరెంటు తిరిగి వచ్చిన వెంటనే కాకుండా, వోల్టేజి నిలకడ పడ్డాక, తడిసిన గోడకు ఆనుకున్న వైర్ల అతుకులు పొడిగా ఉన్నాయని చూశాకే మళ్ళీ తగిలించండి.